పోలీసు లైన్లను వెలివేసిన కమేనే

తుపాకి మోత వినబడినప్పుడు కమేనే పోలీసు లైన్లలో కుళాయి దగ్గర కూర్చుని దుప్పటి పిండుతోంది. కిసిమాని పేటలో తుపాకి మోత కొత్తేం కాదు. పక్కన బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు ఒక్క క్షణం తలలెత్తి మళ్ళీ దించేసుకున్నారు.

"ఎవరి కొంప కూలిందో పాపం," అంది ఒకావిడ.

"మనది కాదు కదా, పిండవే," అంది ఇంకొకావిడ.

 కమేనే దుప్పటి దులిపి తీగ మీద ఆరేసింది. ఆ దుప్పటి సిందానోది.

సిందానో అంటే నైరోబీ మాటలో సూది. ఉద్యోగం పుస్తకాల్లో అతని పేరు ఎలియుద్ బరాసా. యూనిఫాం వేసేది తక్కువ, గోధుమరంగు జాకెట్టులో తిరిగేది ఎక్కువ. చప్పుడు లేకుండా వచ్చి గుచ్చి పోతాడని పేట ఆ పేరు పెట్టింది. తిట్టుగా పెట్టిన పేరును వాడు పతకంలా తగిలించుకున్నాడు. పేటలో ఏ తల్లీ పిల్లల్ని ఆ పేరు చెప్పి భయపెట్టేది కాదు. ఇంట్లో ఆ పేరు పలకడమే అరిష్టమనుకునేవాళ్ళు.

కాసేపటికి గేటు దగ్గర న్యాబోకే కనబడింది. లైన్ల గోడకి ఆనుకుని కూరగాయల దుకాణం ఆమెది. భారీ మనిషి, నోరు అంతకన్నా భారీ. ఆమె పరుగెత్తగా చూసినవాళ్ళు లేరు. ఆ మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చింది, ఒక కాలికే చెప్పు ఉంది.

"కియోకో తల్లీ..." అంది. బస్సులు ఆగే చోటు వైపు చెయ్యి చూపించింది.

కియోకో నిజానికి కమేనే కొడుకు కాదు, తమ్ముడు. వాళ్ళది కిటుయి వైపు, ఎండిన ఏటి ఇసకలో గుంట తవ్వి నీళ్ళు తోడుకునే ఊరు. తల్లి పోయేనాటికి వాడు పాకుతున్నాడు. పెళ్ళి కాని పిల్ల, చంటివాణ్ణి వీపుకి కట్టుకుని నగరానికి వచ్చి ఇంటింటా బట్టలుతికింది. చూసినవాళ్ళంతా వాడు ఆమె బిడ్డే అనుకున్నారు. 'కాదు' అని ఎందరికని చెబుతుంది? కియోకో తల్లి అయిపోయింది. తర్వాత పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, మొగుడు మొంబాసా రేవులో పని అని వెళ్ళి అక్కడే ఇంకో ఇల్లు పెట్టాడు. ఏమైనా పేటకి మాత్రం ఆమె కియోకో తల్లే.

వాడు బస్సులు ఆగే చోట తోపుడుబండి మీద ఉడకబెట్టిన గుడ్లు అమ్మేవాడు. గుడ్డు వలిచి, చాకుతో చీల్చి, మధ్యలో టమాటా ఉల్లిపాయ పచ్చిమిరప ముక్కలు కూరి చేతికిచ్చేవాడు. గుడ్డుకన్నా వాడి మాటలకే జనం ఆగేవాళ్ళు. "చిన్నదిచ్చావేంరా?" అని ఎవరైనా అంటే, "నన్నంటావేం బాబాయ్, నేను పెట్టానా? కోడిని అడుగు," అనేవాడు. పోలీసులు కూడా వచ్చి తినేవాళ్ళు. సిందానో తినేవాడు. డబ్బు ఇవ్వడం వాళ్ళ ఇంటా వంటా లేదు.

వాడు చావడానికి కారణం ఆ నోరే.

అంతకు కొన్ని నెలల ముందు, చర్చి వెనక ఆటస్థలంలో నఫులా కొడుకులిద్దర్నీ సిందానో కాల్చాడు. నఫులా బొగ్గులమ్ముకునే ఆవిడ. ఆ అన్నదమ్ములు మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు తల మీద పెట్టుకుని ఉండగా కాల్చాడు. ఎదురుకాల్పులన్నారు స్టేషన్‌లో. పేట సరే అని తలూపింది. బండి తోసుకుంటూ ఆ దారినే వస్తున్న కియోకో మాత్రం అంతా చూశాడు. చూసి ఊరుకున్నాడా? ఒగుటు పెట్టిన సభలో లేచి చెప్పేశాడు.

ఒగుటు ఒకప్పుడు బస్సు కండక్టరు. లాకప్‌లో కొట్టిన దెబ్బలకి ఒక కాలు శాశ్వతంగా ఈడ్చుకుపోతుంటాడు. రేకుల గది ఒకటి అద్దెకి తీసుకుని, పోలీసు దెబ్బలు తిన్నవాళ్ళకి దాని తలుపు తెరిచి పెట్టాడు. ఆ గదిలో, అందరూ వింటుండగా, కియోకో ఆటస్థలంలో చూసింది చూసినట్టు చెప్పాడు.

ఆ సాయంత్రం కమేనే వాణ్ణి చెడామడా తిట్టింది. "నీ నోటికి తాళం వేసుకోరా! వాడి బట్టలు నేను ఉతుకుతున్నాను. వాడి గుమ్మంలో కూర్చుంటున్నాను."

"నాకు మాటలు నేర్పింది నువ్వే కదక్కా," అన్నాడు వాడు నవ్వుతూ. "చూసింది చూడలేదనడం ఒక్కటే నేర్పలేదు."

ఒక వారం పోనిచ్చి సిందానో బండి దగ్గరికొచ్చాడు. గుడ్డు తిన్నాడు. చేతులు కియోకో ఏప్రానుకే తుడుచుకుని, "నీ గుడ్డు బాగుంటుంది, నోరే బాగోలేదు," అన్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు గుడ్డు అడగలేదు.

కమేనే బస్సులు ఆగే చోటికి చేరేసరికి శవాన్ని పోలీసు బండి ఎత్తుకుపోయింది. తోపుడుబండి పక్కకి ఒరిగి ఉంది. గుడ్లు నలిగి, పచ్చసొన నెత్తుటిలో కలిసి, కుక్క ఒకటి నాకుతోంది. కమేనే రాయి తీసి కుక్కని కొట్టింది. చుట్టూ జనం ఉన్నారు. ఒక్కరి కళ్ళూ ఆమె కళ్ళకి దొరకలేదు.

స్టేషన్‌లో బల్ల వెనక ఉన్నవాడు తల ఎత్తకుండానే చెప్పాడు: "దొంగల ముఠావాడు. తుపాకి దొరికింది. మా వాళ్ళ మీదికి కాల్చబోయాడు."

"ఏ చేత్తో?" అంది కమేనే.

"ఏంటి?"

"ఏ చేత్తో కాల్చబోయాడూ అని. ఒక చేతిలో గుడ్డుంది, ఇంకో చేతిలో చాకుంది. వాణ్ణి పెంచింది నేను. మూడో చెయ్యి లేదు వాడికి."

"బట్టలుతుక్కునేదానివి. పోయి బట్టలుతుక్కో."

శవాల గదిలో వాడి కాలి వేలికి చీటీ కట్టి ఉంది. 'గుర్తు తెలియని మగ మనిషి' అని. ఆ చీటీ చూసిన క్షణాన కమేనే ఏడుపు ఆగిపోయింది. లైన్లలో వాడి చేతి గుడ్డు తినని పోలీసు లేడు. పేరు పెట్టి పిలిచి, పుక్కటికి తిని, మూతి తుడుచుకుపోయిన వాళ్ళే వాడెవడో తెలియదని రాశారు. తుపాకి గుండు కుడి అరచేతిలోంచి దూసుకుపోయి ఛాతీలో దిగింది. అంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కమేనే ఆ అరచేతిని తన చేతిలోకి తీసుకుని చాలాసేపు పట్టుకుంది. మిరపకాయల వాసన ఇంకా పోలేదు.

సమాధి దగ్గర పాస్టరు మంచిమాటలే చెప్పాడు. పగ మనుషులది కాదు, దేవుడిదే అన్నాడు. కోపాన్ని ఈ మట్టిలోనే వదిలిపెట్టి వెళ్ళమన్నాడు. జనం తలలు వంచుకుని 'ఆమెన్' అనబోతున్నారు. కమేనే లేచింది.

"దేవుడి పని దేవుడు చూసుకుంటాడు పాస్టరుగారూ, ఆయన్ని మీరు తొందరపెట్టొద్దు. జీతం తీసుకుంటున్నవాళ్ళ పని ఎవరు చూస్తారో అది చెప్పండి. నా తమ్ముణ్ణి మట్టిలో పెట్టాను, చాలు. నా కోపాన్ని పెట్టను."

పాస్టరు బైబిలు మూసి, పాట ఎత్తుకోమని ఆడవాళ్ళకి సైగ చేశాడు. పాట సగంలోనే చచ్చింది.

ఒగుటు ఆమెని నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద ఆఫీసుకి తీసుకెళ్ళాడు. పోలీసుల మీద ఫిర్యాదులు తీసుకునే చోటు. టై కట్టుకున్న కుర్రాయన కుర్చీ వేసి, టీ ఇప్పించి, ఓపిగ్గా విన్నాడు. "అమ్మా, చూసినవాళ్ళు ఒక్కరైనా ముందుకు రావాలి. లేకపోతే మా చేతులు కట్టేసినట్టే," అన్నాడు.

సరేనని ఇద్దరూ పేటకొచ్చి ఒక్కొక్క గుమ్మమూ ఎక్కారు. కియోకో బండి ఎదురుగానే పాతచెప్పులు అమ్మే మునెనే, "నేను అటు తిరిగి ఉన్నానక్కా," అన్నాడు. పాల దుకాణం ఆవిడ లోపల సరుకు సర్దుకుంటోందట. బస్సు కండక్టరు ఎటో చూస్తున్నాడట. మటాటు వ్యానులో కూర్చున్నవాళ్ళంతా నిద్రపోతున్నారట.

"అంటే ఆ మధ్యాహ్నం కిసిమాని కిసిమానంతా అటే తిరిగి ఉందన్నమాట," అంది కమేనే ఒగుటుతో. "బాబాయ్, అటువైపు ఏముందో నాకూ చూపించు. అంత చక్కటిదేంటో నేనూ చూస్తాను."

"వాళ్ళ మీద కోపం పెట్టుకోకు తల్లీ," అన్నాడు ఒగుటు. "వాళ్ళకీ పిల్లలున్నారు."

"నాకు మాత్రం ఏమున్నాయి, మేకలా?"

ఇది ఇలా ఉండగా న్యాబోకే ఒకనాడు మొహం మాడ్చుకుని వచ్చింది. "సిందానో పెళ్ళాం కబురు పెట్టిందే. చెప్పనా వద్దా అని రెండు రోజులు చూశాను. బట్టలు గుట్టపడ్డాయట. జరిగిందేదో జరిగిపోయింది, కమేనేకి పొట్ట గడవాలి కదా, వచ్చి పని చూసుకోమను అందట."

కమేనే కదలకుండా విన్నది. తర్వాత లేచి తలగుడ్డ బిగించి కట్టుకుంది.

"ఎక్కడికే?"

"పనికి."

సిందానో భార్యని బెరిల్ తల్లి అంటారు. నెమ్మదైన మనిషి, చంకలో చంటిది. కమేనేని చూసి ఊపిరి తీసుకుని, బట్టల మూట తెచ్చి కుళాయి దగ్గర పెట్టింది. "దేవుడు మేలు చేస్తాడక్కా," అంది. మూటలో అన్నిటికన్నా పైన గోధుమరంగు జాకెట్టుంది.

కమేనే దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తింది, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు. కుళాయి చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా చేతులాపేశారు.

"బెరిల్ తల్లీ, ఈ బట్టల మీద నెత్తురు మరకలుండేవి. ఏంటని అడిగితే మేకని కోశాం అన్నావు. ఒకసారి కాదు. నేను నమ్మాను. నమ్మితేనే కూలి దొరుకుతుంది కాబట్టి నమ్మాను. వేళ్ళ కణుపులు అరిగేలా రుద్ది వదిలించాను. నఫులా కొడుకుల నెత్తురు నా చేతుల మీదుగానే ఈ కాలవలో పోయింది. ఇప్పుడు నా తమ్ముడి నెత్తురు కూడా నన్నే ఉతకమంటున్నావా?"

"అక్కా, నాకేం తెలుసు..."

"నీకు తెలియదు. నాకు తెలియదు. కిసిమానికి తెలియదు. వాడొక్కడికే తెలుసు, వాడికి జీతం పెంచుతారు!" జాకెట్టుని మురిక్కాలవలోకి విసిరేసింది. "వినండే! ఈ లైన్లలో ఇవాళ్టినుంచి నేను చేతిరుమాలు కూడా ఉతకను. వాళ్ళ మురికి వాళ్ళనే కట్టుకు తిరగనీ. ఉతికేవాళ్ళెవరైనా ఉంటే ఉతకండి. నేను మిమ్మల్ని తిట్టను. రేపు మీ గుమ్మంలో శవం దిగినప్పుడు నన్ను పిలవొద్దు, అంతే."

 అప్పుడు 'మనది కాదు కదా' అన్న ఆవిడే లేచింది. చేతిలో సగం సబ్బు పెట్టిన చొక్కా ఉంది. దాన్ని అలాగే బకెట్లో జారవిడిచి, చేతులు లంగాకి తుడుచుకుని గేటు వైపు నడిచింది. వెనకాలే ఇంకొకామె. కుళాయి కట్టేసినవాళ్ళు కూడా లేరు.

గోడ అవతల న్యాబోకే అంతా విని, దుకాణం ముందు నిలబడి గొంతు చించుకుంది: "నా కూర కూడా అంతే! సుకుమా ఆకు ఒక్కటి ఆ గేటు దాటదు! మేకని కోశారుగా, మేక మాంసమే తినమనండి!"

ఆ సాయంత్రం నఫులా కమేనే ఇంటికొచ్చింది. కొడుకులు పోయాక ఎవరితోనూ మాట కలపని మనిషి. గుమ్మంలోనే నిలబడి, "నా బొగ్గులు వాళ్ళ పొయ్యిలో మండనివ్వను," అని వెళ్ళిపోయింది.

ఇలా మొదలైంది వెలి. పెద్ద సభ పెట్టలేదు, జెండా కట్టలేదు. పాల దుకాణం ఆవిడ పాలు పోయడం మానేసింది. జడలు అల్లేవాళ్ళు పోలీసు భార్యలకి చోటు లేదన్నారు. నీళ్ళ డబ్బాల బండివాళ్ళు లైన్ల వైపు చక్రం తిప్పలేదు. మందాజీలమ్మే ముసలమ్మ, కానిస్టేబుల్ వచ్చి నిలబడితే, కాగుతున్న నూనెలోకే చూస్తూ, "అయిపోయాయి నాయనా," అనేది. బుట్ట నిండా మందాజీలు కనబడుతూనే ఉండేవి. "అవేంటి మరి?" అంటే, "అవా? అవి నీకు అయిపోయాయి," అనేది.

చెప్పులు అమ్మే మునెనే కూడా ఒక పోలీసు బూటు కుట్టనని తిప్పి పంపాడట. సాక్ష్యం చెప్పే ధైర్యం లేనివాడికి కూడా బూటు కుట్టకపోయే ధైర్యం ఉంటుంది. ఆ సంగతి పట్టుకున్నది కమేనే. ఒగుటు తన గదిలో ఏళ్ళ తరబడి గొంతు అరిగేలా చెప్పినా జరగనిది, 'ఊరికే మానెయ్యండి' అంటే జరిగింది.

పెద్ద పెద్ద తుపాకులవాళ్ళు లైన్లలో వరసగా కూర్చుని బనియన్లు ఉతుక్కుంటుంటే, గోడ మీదనుంచి చూడ్డానికి పిల్లలు ఎగబడేవాళ్ళు. "అన్నా, మెడ దగ్గర మురికి పోలేదు, ఇంకాస్త రుద్దు!" అని అరిచి పారిపోయేవాళ్ళు. ఒకతను మొక్కజొన్న ఉగాలి మాడ్చి గది నిండా పొగ చేశాడని పేటంతా చెప్పుకుని నవ్వింది. చాలాకాలం తర్వాత కిసిమాని నవ్విన నవ్వు అది.

నవ్వు ఎక్కువ రోజులు సాగనిస్తారా? ఒక ఉదయం బండి వేసుకొచ్చి న్యాబోకే దుకాణాన్ని బూట్లతో తన్ని కూల్చారు. టమాటాలు రోడ్డంతా దొర్లాయి. ఆమెని, నఫులాని, కమేనేని బండెక్కించారు. కమేనేని ఎక్కించేముందు ఒకడు చెంప మీద కొట్టాడు, చెవిలో హోరు మొదలైంది.

"ఏం నేరం మాది?" అంది న్యాబోకే స్టేషన్‌లో.

"లైసెన్సు లేకుండా వ్యాపారం."

"ఓరి నీ తెలివి తెల్లారా! అమ్మినన్నాళ్ళూ అడగలేదు, అమ్మడం మానేశాక అడుగుతున్నావా? ఏ దేశంలోనన్నా అమ్మనందుకు లైసెన్సు ఉంటుందా?"

కటకటాల దగ్గరికి సిందానో వచ్చాడు. కొత్త జాకెట్టు వేసుకున్నాడు. న్యాబోకేని, నఫులాని చూడనైనా లేదు. కమేనే ఎదురుగా గొంతుక్కూర్చుని మెల్లగా మాట్లాడాడు, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు.

"నీ తమ్ముడి పక్కన చోటుంది. చూసుకున్నావా?"

"చూశాను," అంది కమేనే. "చాలా చోటుంది. నువ్వు కూడా పడతావు."

"నీకు ఆడపిల్లలు ఇద్దరు కదూ?"

  కమేనే కటకటాలు రెండు చేతులా పట్టుకుని, స్టేషన్ గోడలు అదిరేలా అరిచింది: "విన్నారా! అందరూ విన్నారా! నా ఆడపిల్లల పేరెత్తాడు! వాళ్ళకి జ్వరం వచ్చినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా వీడే! రాసుకోండి, మీరు రాయకపోతే నేను ఊరంతా చెబుతాను!"

నఫులా లేచి ఆమె పక్కన నిలబడింది. ఎన్నాళ్ళుగానో మూసుకున్న ఆ గొంతు తెరిచి, "నా పెద్దవాడు ఎంసూరీ, చిన్నవాడు కెయా," అంది. ఆ రెండు పేర్లే మళ్ళీ మళ్ళీ, వాడి మొహంలోకి చూస్తూ, ఒక్కోసారి ఇంకాస్త గట్టిగా. సిందానో లేచి వెళ్ళిపోయాడు. వాడు తల తిప్పుకోవడం కమేనే మొట్టమొదటిసారి చూసింది.

ఈలోపు బయట ఆడవాళ్ళు చేరారు. ఇంట్లో గిన్నెలు తెచ్చి గరిటెలతో వాయించడం మొదలుపెట్టారు. తరిమితే వీధి చివరికి పోయి మళ్ళీ వచ్చేవాళ్ళు. ఒగుటు కాలు ఈడ్చుకుంటూ లాయరుని వెంటబెట్టుకొచ్చాడు, ఫోన్లు పట్టుకుని విలేకర్లు వచ్చారు. చీకటి పడేలోగా స్టేషన్ పెద్ద ముగ్గుర్నీ వదిలేశాడు.

ఇంకొన్నాళ్ళు గడిచాక, పట్టపగలు, బెరిల్ తల్లి కమేనే గుమ్మంలోకొచ్చింది. చంకలో చంటిది నీరసంగా మూలుగుతోంది.

"పాలు ఎవరూ పోయట్లేదక్కా. పెద్ద బజారుదాకా పోయి తెస్తుంటే విరిగిపోతున్నాయి. దీనికి వాంతులు. నన్నేమన్నా అను. దీన్ని చూడు."

కమేనే చంటిదాన్ని చూసింది. వీపున కట్టుకుని తెచ్చుకున్న చంటివాడు గుర్తొచ్చాడో ఏమో, ఆమె కోపం ఇంకా పెరిగింది. తన కోపంలోకి ఒక పసిదాన్ని తెచ్చి నిలబెట్టినందుకు పెరిగింది. అయినా లేచి పాల దుకాణానికి నడిచింది. "పసిపిల్లలున్న ఇళ్ళకి పాలు పొయ్యి," అని దుకాణం ఆవిడకి చెప్పింది. "మగాళ్ళ టీలోకి చుక్క పోకూడదు."

బెరిల్ తల్లి కళ్ళు తుడుచుకుంది. "నాకు తెలియదనుకుంటున్నావా? వాడి పక్కన పడుకునేదాన్ని. వాడు నిద్రలో పళ్ళు కొరుకుతాడు."

"తెలిస్తే చెప్పు. ఆ ఆఫీసుకి రా. నేను తీసుకెళ్తాను."

"నేనెక్కడికి పోతానక్కా? వాడు పోతే నాకు ఇల్లు లేదు."

"పోనీలే. పాలు తీసుకుపో," అంది కమేనే. ఇక ఆమె వైపు చూడలేదు.

చివరికి స్టేషన్ పెద్ద చర్చి ఆవరణలో సమావేశం పెట్టాడు. మంచి నీళ్ళ సీసాలు పంచిపెట్టాడు. మనమంతా ఒకే కుటుంబం అన్నాడు. బరాసాని, అదే సిందానోని, వేరే చోటికి బదిలీ చేశామని చెప్పాడు. జనం ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. ఒగుటు కుంటికాలితోనే ఎగిరాడు. న్యాబోకే కమేనేని ఎత్తి తిప్పబోయింది.

కమేనే విదిలించుకుంది. "దేనికే చప్పట్లు? మన గుమ్మంలో పెంటని పక్కింటి గుమ్మంలోకి ఊడ్చారు. పక్కింట్లో పిల్లలు లేరా?" స్టేషన్ పెద్ద వైపు తిరిగింది. "అయ్యా, ఏ చోటికి?"

"అది శాఖ విషయం."

"చంపింది మా విషయం అయినప్పుడు, పంపింది మా విషయం కాదా?"

ఆయన చెప్పలేదు. లైన్లలో సామాను ఎత్తిన బండివాడు చెప్పాడు. నగరానికి ఆ చివర, రైలు పట్టాల పక్కన ఇంకో రేకుల పేట. మర్నాడే కమేనే, న్యాబోకే, నఫులా మటాటు ఎక్కి అక్కడికి పోయారు. ముక్కూ మొహం తెలియని బజారు. కమేనే ఎండుచేపలమ్మే ఆడవాళ్ళ మధ్య చతికిలబడి, పొట్లంలోంచి తమ్ముడి ఫోటో తీసింది.

"మీ ఊరికి కొత్తగా ఒకడొచ్చాడు. జాకెట్టు వేసుకుంటాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. వాడు మీ దగ్గర చేప ఊరికే తీసుకుంటే, అక్కడే మొదలవుతుంది."

"నువ్వెవరమ్మా మాకు చెప్పడానికి?" అంది ఒకావిడ.

"వాడి బట్టలుతికినదాన్ని," అంది కమేనే.

ఆవిడ చేపలు పక్కకి జరిపి, కూర్చోవడానికి చోటిచ్చింది.

సిందానో పేటలో లేకపోవడం ఒక్కందుకు పనికొచ్చింది. 'అటు తిరిగి ఉన్నాను' అన్నవాళ్ళ మెడలు నెమ్మదిగా ఇటు తిరగడం మొదలైంది. ముందు మునెనే వచ్చాడు. "నేను చూశానక్కా," అని కమేనే ఎదుట పసివాడిలా ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. "ఏడుపు తర్వాత. ముందు చెప్పులేసుకో," అని ఒగుటు దగ్గరికి లాక్కెళ్ళింది. తర్వాత పాల దుకాణం ఆవిడ వచ్చింది. కియోకో చేతులెత్తడం ఇద్దరూ చూశారు. కింద పడ్డాక సిందానో తన జేబులోంచి ఇంకో తుపాకి తీసి వాడి పక్కన పెట్టడం కూడా చూశారు.

కియోకోదీ నఫులా కొడుకులదీ కలిపి కేసు కోర్టుకెక్కడానికి ఏళ్ళు పట్టింది. వాయిదా మీద వాయిదా. జడ్జి మారాడు, లాయరుకి జబ్బు చేసింది, కాగితాలు దొరకలేదన్నారు, దొరికాయన్నారు. సిందానో బెయిలు మీద సూటు వేసుకొచ్చి ముందు బెంచీ మీద కూర్చునేవాడు. కమేనే ప్రతి వాయిదాకీ పోయింది. ఆ పూట కూలి పోయినా పోయింది. చెవి హోరు మాత్రం ఆమెని వదల్లేదు. జడ్జి మాట సరిగ్గా వినబడక, "గట్టిగా చెప్పండి, ఈ చెవిని మీ పోలీసులే పాడు చేశారు," అని కోర్టులో అంటే, జవాను నోరు మూయించబోయాడు. జడ్జి మాత్రం గొంతు పెంచాడు.

తీర్పు రోజున కోర్టు నిండిపోయింది. కియోకోని చంపిన నేరం రుజువైందన్నాడు జడ్జి. యావజ్జీవం. వెనకనుంచి కేక లేచింది, న్యాబోకేది. నఫులా కొడుకుల విషయంలో మాత్రం, కళ్ళారా చూసిన సాక్షి ఎవరూ కోర్టు ముందుకు రాలేదు కాబట్టి, ఆ నేరం నిలబడదన్నాడు.

చూసిన సాక్షి ఎందుకు రాలేదో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. ఆ సాక్షిని చంపినందుకే ఇప్పుడు శిక్ష వేశారు.

బయట వరండాలో జనం కమేనేని చుట్టుముట్టారు. చేతులు పట్టుకుని ఊపారు, కెమెరాలు పెట్టారు. "గెలిచావు కియోకో తల్లీ, ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగాడు ఒక విలేకరి.

"ఎలా ఉంటుంది? పక్కకి జరుగు," అంది.

నఫులా దూరంగా, స్తంభం దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. ఆమెని పలకరించినవాళ్ళు లేరు. కమేనే జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఆమె దగ్గరికి పోయింది.

"నీ తమ్ముడికి దొరికింది," అంది నఫులా. నిష్ఠూరంగా అనలేదు, సంతోషంగానూ అనలేదు.

"నా తమ్ముడు నీ కొడుకుల కోసం చచ్చాడు. సగం తీర్పుతో వాడు ఊరుకోడు, నేనూ ఊరుకోను." కమేనే ఒగుటు వైపు తిరిగింది. ఆయన అప్పటికే ఎవరికో ఫోనులో శుభవార్త చెబుతున్నాడు. "బాబాయ్! ఆ ఫోను పెట్టెయ్. దీని మీద పైకోర్టుకి పోవాలంటే ఏ గదికి పోవాలి?"

"ఇవాళేనా తల్లీ? ఇవాళ కాస్త టీ తాగుదాం, ఊపిరి తీసుకుందాం..."

"ఏ గది?"

మేడ మీద గది అన్నాడు ఒగుటు. ముగ్గురూ మెట్లెక్కారు, ఆయన కాలు ఈడ్చుకుంటూ వెనక. తలుపుకి తాళం వేసి ఉంది. గుమాస్తా భోజనానికి పోయాడని పక్కగదిలో చెప్పారు. ఎప్పుడొస్తాడో తెలియదన్నారు.

కమేనే ఆ తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. నఫులా ఆమె పక్కన కూర్చుంది.